అడుగుట: మనకు ఒక్క మాట, రోమా భాషలో ఎన్నో మాటలు
(రేడియో ప్రసంగ పాఠము)

 ఈ దినము మనం ధ్యానించబోయేది ఒక చిన్న మాట. మన నోట రోజుకు ఎన్నిసార్లు వస్తుందో లెక్క లేదు. అదే ‘అడుగుట’.

పిల్లవాడు తల్లిని అన్నం అడుగుతాడు. ఊరికి కొత్తవాడు దారి అడుగుతాడు. అప్పిచ్చినవాడు గుమ్మంలో నిలబడి బాకీ అడుగుతాడు. పంతులుగారు పాఠం అడుగుతారు. పెళ్లివారు పిల్లనడుగుతారు. వీటన్నిటికీ మనకు ఒకటే మాట. సందర్భాన్ని బట్టి అర్థమైపోతుంది గనుక ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా బైబిలు తెరచినప్పుడు వస్తుంది.

యోహాను సువార్త 16వ అధ్యాయము 23వ వచనము తీసి చూడండి. ఆ ఒక్క వచనములోనే ‘అడుగుట’ రెండుసార్లు వస్తుంది. మొదట, ఆ దినమున మీరు నన్ను అడుగరు అన్న భావం. వెంటనే, తండ్రిని నా పేరట అడిగితే దొరుకుతుంది అన్న భావం. చదివిన విశ్వాసికి సందేహం వస్తుంది. అడగవద్దన్నాడా, అడగమన్నాడా? యేసు ప్రభువుకు ప్రార్థన చేయకూడదేమో అని దీని మీద వాదాలు కట్టినవారు కూడా ఉన్నారు.

మూలమైన గ్రీకులో అక్కడ రెండు వేర్వేరు క్రియలున్నాయి. ఆ గ్రీకును లాటినులోకి దించినవారు కూడా రెండు వేర్వేరు క్రియలే వాడారు. మొదటి చోట ‘రొగారె’, రెండవ చోట ‘పెటెరె’. మన తెలుగులో ఆ రెండూ కలిసి ఒక్క మాటలో ఇమిడిపోయాయి. తర్జుమా చేసినవారి లోపం కాదిది. మన భాష తీరే అంత.

లాటిను అంటే ఎక్కడిదో అనుకోవద్దు. ప్రభువు సిలువపైన పెట్టిన పైవిలాసము మూడు భాషలలో వ్రాయబడినదని యోహాను 19:20లో ఉంది. అందులో మన బైబిలు ‘రోమా భాష’ అని పిలిచేదే ఈ లాటిను. క్రీ.శ. 382 ప్రాంతంలో రోమా బిషపు దమాసు కోరగా జెరోము అనే పండితుడు పాత లాటిను సువార్తలను గ్రీకుతో సరిపోల్చి దిద్దాడు. పత్రికలను దిద్దినది మాత్రం ఆయన కాదనీ, వేరే చేతులనీ పండితులు ఎక్కువమంది అంటారు. పడమటి సంఘము వెయ్యేళ్లకు పైగా ఆ లాటిను బైబిలునే చదివింది. దేవుడు క్రొత్త నిబంధనను లాటినులో ఇవ్వలేదు, గ్రీకులో ఇచ్చాడు. ఆ సంగతి మరువకుండానే ఈ లాటిను మాటలు చూద్దాం. ఎందుకంటే అపొస్తలుల మీద విచారణ జరిపిన ప్రభుత్వం రోమా ప్రభుత్వం. దాని న్యాయస్థానాల మాటలు ఇవే.

మొదట ‘పెటెరె’. దీని పాత అర్థం అడగడం కాదు, ఒక గురివైపు దూసుకుపోవడం. పక్షి ఎగరడం, బాణం పోవడం, సైనికుడు శత్రువు మీదికి ఉరకడం, అన్నీ ఆ వేరులోనివే. సంస్కృతంలో ‘పతతి’ అనే మాట దీనికి చుట్టం. అందులోంచే మన పతంగి వచ్చింది. సంక్రాంతికి పిల్లలు ఎగరేసే పతంగికి, కలెక్టరాఫీసులో మనమిచ్చే పిటిషనుకు చాలా వెనుక తరాలలో ఒకే తాత అన్నమాట! రోమాలో పదవికి పోటీ చేసేవాణ్ణి ‘పెటిటోర్’ అనేవారు, దావా వేసిన వాదిని కూడా అదే మాటతో పిలిచేవారు. ఇద్దరూ ఒకదానిని గురిపెట్టి వస్తారు. కాబట్టి పెటెరె అంటే నాకేమి కావాలో నాకు తెలుసు, దాని కోసమే వచ్చాను అని. మత్తయి 7:7లో అడుగుటకు ఉన్నది ఈ మాటే. గురి తప్పుగా ఉంటే ఏమవుతుందో యాకోబు 4:3 చెబుతుంది. అక్కడ కూడా లాటినులో ఇదే క్రియ.

రెండవది ‘క్వేరెరె’. ఇది వెదకుట. ఏది ఎక్కడుందో తెలియనివాడు చేసే పని. రైల్వే స్టేషనులో ‘ఎంక్వైరీ’ అని బోర్డు చూస్తాం గదా, ఆ మాట పుట్టినది దీనిలోంచే. మొదటి కొరింథీయులకు 1:22 చూడండి. యూదులను గురించి, గ్రీసుదేశస్థులను గురించి పౌలు ఒకే వాక్యంలో చెబుతాడు. సూచక క్రియలు కోరేవారికి లాటినులో పెటెరె, జ్ఞానము కోరేవారికి క్వేరెరె. ఒకడు చేయి చాచి ఇమ్మంటాడు, ఒకడు దీపం పట్టుకొని తిరుగుతాడు. సిలువ ఇద్దరికీ అడ్డమే అయింది.

యోహాను సువార్తలో ఈ క్వేరెరె ప్రభువు నోటనే వచ్చే మూడు చోట్లు చూద్దాం. మొదటి అధ్యాయములో తన వెంట వస్తున్న ఇద్దరు శిష్యులను ఆయన వేసిన ప్రశ్నలో (1:38). ఆ సువార్తలో మనము వినే ప్రభువు మొదటి పలుకు అదే. తరువాత గెత్సేమనే తోటలో దివిటీలతో, ఆయుధములతో వచ్చినవారిని అడిగినప్పుడు (18:4). ఆ తరువాత ఖాళీ సమాధి దగ్గర ఏడ్చుచున్న మరియను అడిగినప్పుడు (20:15). ఇక్కడ మన తెలుగు బైబిలు కూడా మూడు చోట్లా ‘వెదకు’ అనే మాటే ఉంచింది, తీసి చూసుకోండి. 10వ శతాబ్దంలో పడమటి మఠాలలో ఈస్టరు ఉదయాన సమాధి దగ్గరి సంభాషణను, ఎవరిని వెదకుచున్నారు అన్న ప్రశ్నతో మొదలుపెట్టి, రెండు పక్షాలుగా పాడేవారు. పడమటి దేశాల క్రైస్తవ నాటకాలకు అదే తొలి మెట్టు అంటారు. మనం క్రిస్మసుకు వేసే డ్రామాలకు ఇది దూరపు పెద్దమ్మ వంటిది.

వెదకుట అంతా మంచిదేనా? మత్తయి రెండవ అధ్యాయము చదవండి. లాటినులో ఆ అధ్యాయము నిండా విచారణ క్రియలే, అన్నీ హేరోదు చుట్టూనే. 4వ వచనములో అతడు యాజకులను, శాస్త్రులను అడిగిన దానికి ‘స్కిస్కిటారి’. తెలుసుకొనుట అనే వేరులోంచి వచ్చిన మాట, పట్టుబట్టి తెలుసుకోవడం. 8వ వచనములో జ్ఞానులకు అతడిచ్చిన ఆజ్ఞలో ‘ఇంటెర్రొగారె’, ఆరా తీయండి అని. 13వ వచనములో శిశువును చంపుటకు అతడు వెదకబోవుచున్నాడని దూత చెప్పినచోట క్వేరెరె. 16వ వచనములో అతడు జ్ఞానుల దగ్గర కాలము రాబట్టుకున్న సంగతికి క్వేరెరె నుండే పుట్టిన ఇంకొక మాట. ఆ అధ్యాయములో క్రీస్తును గురించి హేరోదు అడిగినన్ని ప్రశ్నలు ఎవరూ అడగలేదు. లేఖన పండితులను పిలిపించాడు, సరైన జవాబే పొందాడు. జ్ఞానులు అడిగినది ఒక్కటే ప్రశ్న, దానికి వెనుక కారణం కూడా చెప్పారు: పూజించుటకు వచ్చితిమి అని. అదే మాట హేరోదు కూడా అన్నాడనుకోండి!

ఇక ‘రొగారె’. ఇది మన ‘అడుగు’కు అన్నిటికంటె దగ్గరిది. ప్రశ్న అడగడానికీ వస్తుంది, సహాయం అడగడానికీ వస్తుంది. అందుకే యోహాను 16:23లో మొదటి మాటను గురించి వ్యాఖ్యానకర్తలలో రెండు అభిప్రాయాలున్నాయి. ముందు వెనుకలు చూస్తే, 5వ వచనములోను 19వ వచనములోను శిష్యులు ఆయనను ఒక సంగతి అడగాలా వద్దా అని తటపటాయిస్తున్నారు. 30వ వచనములో మరల అదే సంగతి. కాబట్టి ఆ దినమున మీకు ఇక సందేహాలు అడగవలసిన పని ఉండదు అన్న అర్థమే అక్కడ బాగా కుదురుతుందని నా మనవి. అంతేగాని ప్రభువుకు ప్రార్థన చేయవద్దు అన్న మాట అక్కడ లేదు. యోహాను 14:14 అదే సంభాషణలోనిదే గదా.

ఈ రొగారెకు రోమాలో ఒక ప్రత్యేకమైన వాడుక ఉండేది. శాసనం చేయాలంటే అధికారి ప్రజలను ‘అడగాలి’. బిల్లుకు పేరే ‘రొగాటియో’, అంటే అడుగు. సరే అనేవాడు, నీవు అడిగినట్టే కానిమ్ము అనేవాడు. క్రీ.పూ. 131 నుండి ఆ జవాబును నోటితో కాక పలక మీద అక్షరంతో ఇచ్చే చట్టం వచ్చింది. అధికారి పదవీకాలం ముగిసినా యుద్ధం ముగియకపోతే, గడువు పొడిగించమని మరల ప్రజలను అడిగేవారు. దానికి ‘ప్రోరొగారె’ అని పేరు. క్రీ.పూ. 326లో పుబ్లిలియు ఫిలో అనే సేనానికి మొదటిసారి అలా పొడిగించారు. కాన్సులు పదవి దిగిపోయినా కాన్సులు స్థానంలో పని చేసేవాడు ‘ప్రోకాన్సుల్’. పాఫులో పౌలు మాట విన్న సెర్గి పౌలు (అపొ. 13:7), అకయలో ఫిర్యాదును తోసివేసిన గల్లియో (అపొ. 18:12) ఆ హోదావారే. శాసనసభను ప్రోరోగ్ చేశారని మనం వార్తలలో వింటామే, ఆ మాటకు మూలం ఇదే. అర్థం మాత్రం ఇప్పుడు తలకిందులై, పొడిగించడం కాస్తా సమావేశాలు ముగించడం అయింది. ఆరోహణ పండుగకు ముందు మూడు దినాలను పాత ఆంగ్లికను ప్రార్థన గ్రంథంలో ‘రొగేషన్’ దినములు అంటారు. అదీ ఇక్కడిదే. సుమారు 470లో గౌలు దేశంలో వియెన్ పట్టణపు బిషపు మామెర్టు విపత్తుల కాలంలో వాటిని ప్రారంభించాడు.

ఇప్పుడు నాకు అన్నిటికంటె ఇష్టమైన మాట, ‘పోస్టులారె’. హక్కుగా కోరుట. రోమా న్యాయస్థానంలో న్యాయాధిపతి ఎదుట నిలబడి తన కోరికనో, తన స్నేహితుని కోరికనో విన్నవించుటకు ఇదే పేరు. 3వ శతాబ్దపు న్యాయపండితుడు ఉల్పియాను దీనికి ఇచ్చిన నిర్వచనము 533లో జస్టీనియను చక్రవర్తి వేయించిన ధర్మశాస్త్ర సంకలనంలో ఉంది. అందరికీ ఆ హక్కు లేదు. 17 ఏండ్లు నిండనివాడు తన కోసం కూడా తాను మాట్లాడరాదు. బొత్తిగా చెవులు వినబడనివాడు మాట్లాడరాదు. అయితే దాని ప్రక్కనే న్యాయాధిపతి శాసనంలో ఇంకొక మాట ఉంది. అటువంటివారికి తమ పక్షమున నిలిచేవాడు లేకపోతే, తానే ఒకనిని ఇస్తానని. ఆ నిలిచేవానికి లాటినులో ‘అడ్వొకాటు’ అని పేరు. మన అడ్వకేటు!

ఇప్పుడు రోమీయులకు 8:26 తెరవండి. మనము యుక్తముగా ఎలాగు ప్రార్థన చేయవలెనో మనకు తెలియదని పౌలు అంటున్న చోటు. ఆత్మ మన పక్షమున చేసే విజ్ఞాపనకు అక్కడ లాటినులో వాడిన క్రియ పోస్టులారె. మొదటి యోహాను 2:1లో తండ్రియొద్ద మనకున్న ‘ఉత్తరవాది’కి వాడినది అడ్వొకాటు. రోమా పట్టణంలో పుట్టి పెరిగిన సామాన్య విశ్వాసి ఈ వచనాలు సంఘంలో చదవగా విన్నప్పుడు అతనికి కనబడినది పూజాగది కాదు, కోర్టు హాలు. నోరు విప్పే అర్హత లేనివాడు ఒకడు నిలబడి ఉన్నాడు. పక్కన ఎవరో వచ్చి నిలిచారు. పౌలు ఈ మాటలు వ్రాసినది గ్రీకులో గనుక ఈ రోమా చట్టం ఆయన మనసులో ఉన్నదని నేను చెప్పను. లాటినులో విన్నవారి చెవికి అది అలా తగిలి ఉంటుందని మాత్రమే అంటున్నాను.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పనివ్వండి. ప్రతి మాటకూ ఒక రహస్యం తగిలించి ప్రసంగం కట్టకూడదు. యాకోబు 4:2లో, 4:3లో గ్రీకు క్రియ ఒక్కటే. లాటినులో మొదట పోస్టులారె, వెంటనే పెటెరె. తర్జుమా చేసినవారు మార్చి వేశారు, అంతే. అక్కడ లోతైన భేదం వెదికితే ఖాళీ బావిలో చేద వేసినట్టే. మాటలు ఎక్కడ భేదం చెప్తాయో, ఎక్కడ ఊరకే మారుతాయో ప్రక్క వాక్యాలు చూసి తేల్చుకోవాలి.

మరొక మాట ‘ప్రెకారి’. బతిమాలుకొనుట. ఇంగ్లీషువారి ‘ప్రేయర్’ దీని మనుమరాలు. మన ‘ప్రార్థన’ వినడానికి దానిలాగే ఉంటుంది గాని, రెంటికీ చుట్టరికం లేదు. ప్రార్థన అనేది అర్థించుట నుండి వచ్చింది. ప్రెకారికి నిజమైన చుట్టం మన దగ్గర వేరే ఉంది. అది ‘ప్రశ్న’. అవధానంలో అవధానిగారిని ప్రశ్నలడిగేవారిని పృచ్ఛకులు అంటాం. ఆ పృచ్ఛకుడు, ఈ ప్రేయర్ ఒకే వేరులోంచి మొలిచిన కొమ్మలని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. వేరు ఒక్కటే అయినా ఒక కొమ్మ ప్రశ్న అయింది, ఒక కొమ్మ ప్రార్థన అయింది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మన సంఘాలలో ఒక మాట పాతుకుపోయింది. దేవుణ్ణి ప్రశ్నించకూడదు, అది అవిశ్వాసం అని. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎందుకు ప్రభువా అని ఏడిస్తే, ఓదార్చడానికి వెళ్లినవారే నోటికి చేయి అడ్డం పెట్టమంటారు. తెలుగులో ‘ప్రశ్నించుట’ అంటే ఎదిరించుట అన్న వాసన ఒకటి చేరింది, దాని వలన కొంత ఈ భయం. మాట వేరు చూపి నేను సిద్ధాంతం చేయడంలేదు. వేరు సాక్ష్యం కాదు, వాక్యమే సాక్ష్యం. 13వ కీర్తన మొదలయ్యేది ప్రశ్నతోనే. హబక్కూకు గ్రంథము మొదలయ్యేదీ ప్రశ్నతోనే. 22వ కీర్తన మొదటి మాటను ప్రభువు సిలువమీద తన నోట పలికాడు. అదీ ప్రశ్నే. ఆ తల్లి చేస్తున్నది ప్రార్థనే, ఆమెను చేయనివ్వండి.

‘ఒరారె’, ‘పెర్కొంటారి’ అని ఇంకా ఉన్నాయి. మొదటిది మాట్లాడుట, వేడుకొనుట. సంఘంలో ప్రార్థనకు స్థిరపడినది అదే. రెండవది, పడవవాడు గెడ వేసి నీటి లోతు చూసినట్టు గుచ్చి గుచ్చి అడగడం. గెడకు లాటినులో ‘కొంటు’ అంటారు, అందులోంచి వచ్చిందని పాత వ్యాకరణవేత్తలు చెప్పారు. వాటిని వదిలి చివరి మాటకు వస్తాను.

‘ఇంటెర్రొగారె’. ఎదుట నిలబెట్టి అడుగుట. పన్నెండేండ్ల యేసు దేవాలయములో బోధకుల మధ్య ప్రశ్నలడుగుచుండిన చోట (లూకా 2:46) ఈ మాటే. సాక్షిని కోర్టులో అడిగేదీ ఈ మాటే. రోమీయులలో ఒప్పందం కూడా ప్రశ్న జవాబులతోనే జరిగేది. ఇస్తానని మాట ఇస్తున్నావా అని ఒకడు అడగాలి, ఇస్తున్నాను అని రెండవవాడు అదే మాటతో బదులు చెప్పాలి. కాగితం లేకపోయినా అది కట్టుబాటే.

ఇప్పుడు మొదటి పేతురు 3:21. బాప్తిస్మమును గురించి చెబుతూ మన తెలుగు బైబిలు దానిని మనస్సాక్షి దేవునికిచ్చు ‘ప్రత్యుత్తరము’ అన్నది. లాటిను బైబిలు అక్కడ ‘ఇంటెర్రొగాటియో’ అన్నది, అంటే ప్రశ్న! ఒకరు ప్రశ్న అన్నారు, ఒకరు జవాబు అన్నారు, ఎవరిది తప్పు? గ్రీకు మాట అడిగే పక్షానిదే. కాని ఒప్పందంలో ప్రశ్నకు జవాబు లేకపోతే ప్రశ్న కూడా నిలవదు గనుక రెండు తర్జుమాలకూ దారి ఉంది. హిప్పొలితు పేరట చెలామణి అయిన పురాతన సంఘ నియమాలలో బాప్తిస్మము ఎలా ఇచ్చేవారో ఉన్నది. నీళ్లలో నిలిచినవానిని తండ్రిని గూర్చి, కుమారుని గూర్చి, పరిశుద్ధాత్మను గూర్చి మూడుసార్లు అడుగుతారు. మూడుసార్లు అతడు నమ్ముచున్నాను అంటాడు, మూడుసార్లు ముంచుతారు.

పేతురు ఈ పత్రిక ఎవరికి వ్రాశాడు? 1:1 చూడండి. పొంతు, గలతీయ, కప్పదొకియ, ఆసియ, బితూనియ. సుమారు క్రీ.శ. 112లో ఆ పొంతు బితూనియల మీద అధికారిగా ఉన్నవాడు ప్లినీ. క్రైస్తవులను ఏమి చేయాలో తెలియక ట్రాజాను చక్రవర్తికి ఒక ఉత్తరం వ్రాశాడు. అది నేటికీ మిగిలి ఉంది. మీరు క్రైస్తవులా అని నేను వారిని అడిగాను, ఒప్పుకొన్నవారిని శిక్ష చూపి బెదిరిస్తూ రెండవసారి, మూడవసారి అడిగాను, అప్పటికీ నిలబడినవారిని మరణానికి పంపించాను అని దాని సారాంశం. అతడు వాడిన క్రియ ఇంటెర్రొగారె. అంటే నీళ్లలో మూడుసార్లు జవాబు చెప్పే సంఘానికి చెందినవారిని అధికారి ముందు కూడా మూడుసార్లే అడిగారు.

అదే ఉత్తరంలో ఇద్దరు దాసీల సంగతి ఉంది. సంఘంలో వారిని పరిచారకురాండ్రు అనేవారని ప్లినీయే వ్రాశాడు. వారి దగ్గర నిజం రాబట్టడానికి చిత్రహింస పెట్టించాడు. ఆ పనికి అతడు వ్రాసిన క్రియ క్వేరెరె. మనము వెదకుట అని చదివే మాటే. రోమా న్యాయంలో దాసుల సాక్ష్యం హింసతో తీసుకోవడం వాడుక, ఆ విచారణకు పేరు కూడా ఆ క్రియనుండి వచ్చినదే. ఆ ఇద్దరి పేర్లు అతడు వ్రాయలేదు. మితిమీరిన మూఢభక్తి తప్ప ఏమీ దొరకలేదని మాత్రం వ్రాశాడు.

చక్రవర్తి జవాబు చిన్నది. క్రైస్తవులను గాలించి పట్టుకోవద్దు, ఎవరైనా తెచ్చి అప్పగించి నేరం రుజువైతే శిక్షించు అన్నాడు. గాలించుట అన్నదానికి అతడు వాడినది ‘కొంక్విరెరె’. క్వేరెరెకు ముందు ఒక ఉపసర్గ చేర్చినది. 197లో కార్తేజి వాడైన టెర్టుల్లియాను క్రైస్తవుల పక్షమున వ్రాసిన గ్రంథంలో ఈ ఆజ్ఞను పట్టుకొని నిలదీశాడు. వెదకవద్దన్నావంటే మేము నిర్దోషులమని ఒప్పుకున్నావు, దొరికితే శిక్షించమన్నావంటే దోషులమంటున్నావు, ఇదెక్కడి తీర్పు అన్న ధోరణిలో.

మొదటి పేతురు 3:15లో హేతువు అడిగేవారిని గురించి ఉన్నది. అక్కడ లాటినులో ఈ రోజు మనము ముట్టని ఇంకొక మాట, ‘పోస్కెరె’, నిలదీసి అడుగుట. వారంలో ఆ అధ్యాయమంతా చదివి ఉంచండి, వచ్చే ప్రసారంలో అక్కడ నుండి మొదలుపెడదాం.